అత్త పంచిపెట్టిన మాత్రలు

మా మేనత్త పోయిందని ఆమె కూతురు కర్నూలు నుంచి ఫోన్ చేసేసరికి నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అమ్మ పోయింది బావా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, చీము పట్టి, అత్తను ఆసుపత్రి దాకా తీసుకుపోయింది. ఒక్క పంటికి మనిషి పోతుందా అని ఇప్పటికీ అడుగుతున్నారు. పోతుందని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మీకు ఇంకొక్కసారి చెప్పి ఊరుకుంటాను.

అత్త ఆదోనిలో మా వెనక వీధిలో ఉండేది. సీజనులో జిన్నింగు మిల్లులో పత్తిలోని పుల్లలు, ఆకులు ఏరేది. మిగతా రోజుల్లో షేర్ ఆటోలో ఆలూరు వైపు చేను పనికి పోయేది. డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాస్తే రెండో రోజుకల్లా ఆమెకు నొప్పి తగ్గిపోయేది. తగ్గిందో లేదో, కత్తెర తీసి మాత్రల షీటును సగానికి కత్తిరించేది. మిగిలినవి కాగితంలో చుట్టి పోపులడబ్బాలో మెంతుల పక్కన పెట్టేది. వీధిలో ఎవరికి చెంప వాచినా, కడుపు పాడైనా ఆ డబ్బా మూత తెరుచుకునేది.

"నొప్పి పోయినాక మాత్రలు మింగేది దండగప్పా. నాకు తగ్గింది, ఇంగొకరికి తగ్గనీ" అనేది.

పోయిన వానాకాలం కొళాయి నీళ్లలో మురుగు కలిసి మా వీధంతా వాంతులు, భేదులు. నేను బడికి సెలవు పెట్టి మంచానికి అతుక్కుపోయాను. అత్త ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల చెంబుతో వచ్చింది. తలగుడ్డ చెంపల మీదుగా చుట్టి కట్టుకుంది. కొంగుముడి విప్పి నాలుగు మాత్రలు నా చేతిలో పెట్టింది.

"ఇవి నీ పంటివి కదత్తా?"

"పంటికి ఇచ్చేదీ ఇదే, కడుపుకు ఇచ్చేదీ ఇదే. మెడికల్ షాపులో అడిగే వచ్చినా. మింగు."

ఆ మాటలో తప్పులేదు, కొన్ని మాత్రలు రెంటికీ ఇస్తారు. కానీ సగంలో ఆపితే క్రిములు చావవని పిల్లలకు పాఠం చెప్పే పంతులును నేను. తలగుడ్డ కింద ఆమె చెంప ఉబ్బి ఉండటం కూడా చూశాను. ఒళ్లు తేలిపోతుంటే ఆ చెంప సంగతి అడగకుండానే మింగాను. రెండు రోజుల తర్వాత నేను లేచి తిరుగుతుంటే అత్త ముఖంలో ఎంత సంతోషమో. ఇప్పుడు ఆ ముఖం గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

ఆ పన్ను పీకించమని తర్వాత ఎన్నోసార్లు బతిమాలాను. "పీకిస్తే కండ్లు మసకబారుతాయంట. కండ్లు పోతే పత్తిలో పుల్ల యాడ కనపడుతుంది నాకు?" అనేది. ఇంకో రెండుసార్లు వాచింది, రెండుసార్లూ సగం మాత్రలతో సరిపెట్టుకుంది. ఆ తర్వాతిసారి వాపు గదవ కిందికి, గొంతు వైపు దిగింది. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుని రెండు రోజులు పనికి పోయింది. నోరు తెరుచుకోక గంజి కూడా దిగకపోతే అప్పుడు కర్నూలు తీసుకుపోయాం.

చీము మెడలోంచి ఛాతీలోకి దిగిందన్నారు. మాత్రలు పూర్తిగా మింగి ఉంటే ఏమయ్యేదని డాక్టరమ్మను అడిగాను. "మింగి, పన్ను కూడా తీయించుకుని ఉంటే బతికేదేమో" అంది. ఆ 'ఏమో' నన్ను వదలడం లేదు.

అత్త దినాలయ్యాక, ఎన్నాళ్లుగానో పుచ్చి ఉన్న నా పన్ను పీకించుకున్నాను. అది భయమే, తెలివి అనుకోకండి. మూడు పూటలా పూటకొకటి చొప్పున ఐదు రోజులకు మాత్రలిచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం వీధి చివరింటామె చెంపకు చెయ్యి ఆనించుకుని గడప దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీకు తగ్గిందంట కదా. మాత్రలేమన్నా మిగిలినాయా?"

"లేవమ్మా. రేప్పొద్దున నేనే ఆసుపత్రికి పిలుచుకుపోతా."

"రేపు మిరపకాయల పనికి పోవాల."

"పని పోతే పోనీలే. వాపు మంచిది కాదు."

ఆమె చూపు కిటికీలో ఉన్న షీటు మీద పడింది. కోపమేమీ లేదు ఆమెకు. "మీ అత్తయితే లేదనేది కాదు" అని మెల్లగా వెనక్కి తిరిగింది.

నిజమే, అత్త లేదనేది కాదు. వచ్చినామె సందు మలుపు తిరిగేదాకా చూసి, మధ్యాహ్నపు మాత్ర మింగాను. షీటులో ఇంకా ఏడు ఉన్నాయి.