తుమ్ముల నోటుపుస్తకం

పాపకు మూడేళ్లు నిండిన ఆ రోజుల్లో, మా ఇంటికి ఎవరు ఫోన్ చేసినా ముందు వినిపించేవి పాప తుమ్ములే. ఒకటి కాదు, వరసగా ఏడెనిమిది. జ్వరం ఉండదు, ముక్కు మాత్రం నీళ్లలా కారుతుంది. నెల దాటినా తగ్గలేదు. చిన్నప్పుడు మా తమ్ముడు ఉబ్బసంతో ఊపిరందక పడిన బాధ చూసినదాన్ని కాబట్టి, పాపకూ అదే వస్తుందేమోనని గుండె జారిపోయేది. పెరుగు మాన్పించాను, అరటిపండు మాన్పించాను, అలిపిరి వైపు నుంచి చల్లగాలి వస్తుందని కిటికీలు మూసేశాను. ఏ తుమ్ము ఎన్నింటికి వచ్చిందో నోటుపుస్తకంలో రాశాను. (డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని మరి!) అన్నిటికంటే నమ్ముకున్నది సాంబ్రాణిని. పసిబిడ్డలకు తలంటాక పట్టే ఆ పొగను నేను రోజూ పొద్దునా సాయంత్రం, తలుపు మూసిన గదిలో, నిప్పుల మీద బుట్ట బోర్లించి పాపకు పట్టేదాన్ని. "వద్దుమా, కండ్లు మండతా ఉండాయి" అనేది. "కొంచెం సేపే కన్నా" అనేదాన్ని. తుమ్మితే జలుబు వదులుతోందని ఇంకో చిటికెడు వేసేదాన్ని.

ఒక సాయంత్రం చిత్తూరు దగ్గరి మామిడితోట నుంచి వచ్చిన అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, బిడ్డ యాడుండాదో కనపడల్యా! దోమలకు పెట్టినావా ఈ పొగ?"

"జలుబుకు, అత్తా."

"పసిబిడ్డకు రవ్వంత సూపించేది గదమ్మా ఇది. నువ్వు దాన్ని మామిడికాయ మాదిరి పొగబెట్టి మాగేస్తా ఉండావే!"

నాకు రోషం వచ్చింది. మరునాడు ముగ్గురం పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె పాప ఛాతీ పరీక్షించి, నా నోటుపుస్తకం ఓపికగా చదివింది.

"అన్నీ పొద్దున, సాయంత్రమే. ఆ వేళల్లో ఇంట్లో ఏం చేస్తారమ్మా?"

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ పైన తిరిగే ఫ్యాను వైపు చూసింది. సాంబ్రాణి సంగతీ, మూసిన కిటికీల సంగతీ చివరికి నేనే చెప్పాను.

"ఛాతీ బాగుంది, భయం లేదు. ఎలర్జీలా ఉంది. ముందు ఆ పొగ ఆపండి, కిటికీలు తెరవండి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే తీసుకురండి."

ఆటోలో అత్తమ్మ పాప ముక్కు తుడుస్తూ కూర్చుంది. (నన్ను నాలుగు మాటలు అని ఉంటేనే బాగుండేది.) ప్రతి తుమ్మునూ రాసిన నేను, కళ్లు మండుతున్నాయన్న పాప మాట ఒక్కసారీ రాయలేదు. పాపను గట్టిగా హత్తుకున్నాను.

వారంలో తుమ్ములు పలచబడ్డాయి. ఇప్పుడు పాప రెండో తరగతి. ఆ బుట్టలో దాని బొమ్మలు నిద్రపోతాయి. ఎప్పుడైనా ఒక తుమ్ము వినిపిస్తే, "కాయ మాగిందామ్మా?" అంటుంది అత్తమ్మ వంటింట్లోంచి. నవ్వుతాను. నవ్వుతూనే, రెండోది వస్తుందేమోనని ఒక్క క్షణం చెవి ఒగ్గుతాను.