తుడిచాను, చెరపలేదు

ఆ బోర్డు సంగతి అందరినీ అడిగారు, నన్ను తప్ప. వంటమనిషిని అడిగారు, వాచ్‌మన్‌ని అడిగారు, ఆ రోజు బడికే రాని తెలుగు పంతులుగారిని కూడా అడిగారు. ఆయన కళ్లారా చూసినట్టే చెప్పాడట. బోర్డు పక్కనే నిలబడ్డ నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ "అసలేం జరిగింది సారూ" అనలేదు. ఎవరూ అడగకపోయినా చెప్తాను. కోపం వచ్చి మరచిపోయే రకం కాదు నేను. కోపం తగ్గినా మరచిపోను.

అశ్వారావుపేట నుంచి భద్రాచలం వైపు పోతుంటే పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది మా హైస్కూలు. నేను సైన్స్ చెప్పేవాణ్ణి. రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో ఖమ్మంలోని ఒక సేవాసంస్థ మా బడికి కొత్తరకం బోర్డు ఇస్తామంది. చూడటానికి తెల్లటి పెద్ద పలక. ఎదురుగా పైకప్పుకు ప్రొజెక్టర్ బిగిస్తారు, పక్కన కంప్యూటర్ పెడతారు. కంప్యూటర్లో ఉన్నదంతా బోర్డు మీద పడుతుంది. మనం బోర్డు మీద రాస్తే అక్కడ అక్షరం వెలుగుతుంది, గుండె బొమ్మ మీద నొక్కితే గుండె కొట్టుకుంటుంది. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. బిగించాక వాళ్ల ఆఫీసరు వచ్చి చూస్తాడు. పిల్లలు వాడుతుంటే ఉంచుతారు. లేకపోతే తీసి ఇంకో బడికి ఇచ్చేస్తారు.

ఏ బోర్డు కావాలో మమ్మల్నే ఎంచుకోమన్నారు. ఖమ్మంలో టీవీలు, మైకుసెట్లు బాగుచేసే దుకాణం నడిపే ఒక ముస్లిం ఆయన రెండు నమూనాలు ఆటోలో వేసుకొచ్చాడు. బిగించేది కూడా ఆయనే. అందరం భాయ్ అనేవాళ్లం. ఒకటి గట్టి బోర్డు, దానికి ప్రత్యేకంగా ఒక పెన్ను ఉంటుంది, ఆ పెన్నుతోనే రాయాలి. రెండోదానికి పెన్ను అక్కర్లేదు, వేలు చాలు. పై రెండు మూలల్లో శనగగింజంత నల్లటి గాజుకళ్లుంటాయి. వేలు ఎక్కడ ఆనిందో అవి కనిపెడతాయి.

నేను పెన్ను బోర్డు కావాలన్నాను. కారణం కూడా చెప్పాను. మాది అడవి అంచు. వానాకాలం ట్యూబులైటు వేస్తే ఉసిళ్లు గుంపుగా వచ్చి గోడంతా పాకుతాయి. బల్లులకు లెక్క లేదు. కళ్లున్న బోర్డుకు అవి అడ్డం పడితే మన వేలు ఏం కనపడుతుందని అడిగాను.

హెడ్మాస్టరును పెద్దసారు అనేవాళ్లం. ఆయన భాయ్ వైపే చూస్తూ నాకు జవాబు చెప్పాడు.

"పెన్ను పోతే ఏం చేస్తవ్?"

"గొలుసు కట్టి పెడదాం సార్, బ్యాంకుల పెట్టినట్టు."

"బడిల గొలుసులేంది మాస్టారూ, ఇదేమన్న ఠాణానా?"

అందరూ నవ్వారు. ఆయన లేచి వేలితో రెండో బోర్డు మీద అక్షరం దిద్దాడు. నీలంగా వెలిగింది. "చిన్నప్పుడు మా నాయిన నా వేలు పట్టి బియ్యంల రాయించినట్టే ఉన్నది! ఇదే ఉండనీయి" అన్నాడు. అయిపోయింది. నా ఉసిళ్ల మాట ఉసిళ్లలాగే రాలిపోయింది. ఆ రోజు అందరికీ చాయ్ వచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి కెటిల్ ఖాళీ. మళ్లీ పెట్టించమని ఎవరి నోటా రాలేదు. ఇది చిన్న విషయమే. నాకు తెలుసు.

ఆఫీసరు వచ్చే ముందురోజు భాయ్ బోర్డు బిగించాడు. మేమిద్దరం రాసి చూశాం, చక్కగా పనిచేసింది. పోతూ పోతూ ఆయన చెప్పాడు: "సార్, కింద ఏమన్న చేసుకోండ్రి. పై మూలలు మాత్రం ఎవ్వరు ముట్టుకోవద్దు." నేను వెంటనే పోయి పెద్దసారుకు చెప్పాను.

"పై మూలలకు చెయ్యి తగలొద్దట సార్."

"నేనేమన్న చిన్న పిలగాన్నా?" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి కంప్యూటర్ గది గుమ్మానికి మామిడాకులు కట్టారు. బోర్డు ముందు కొబ్బరికాయ పగిలింది. అగరుబత్తి పొగ. బోర్డుకు నాలుగు మూలలా తడి పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. పెద్దసారు తన చేతులతోనే పెట్టాడు. కొత్త ట్రాక్టరుకు పెడతారు, కొత్త బీరువాకు పెడతారు, ఆయుధపూజనాడు మా బడి సైకిల్ పంపుకు కూడా పెట్టారు. బోర్డుకు ఎందుకు పెట్టరు? ఆయన లెక్కలో అది ముట్టుకోవడం కాదు. చెయ్యి తగిలితే మట్టి అంటుకుంటుంది, బొట్టు పెడితే మంచి జరుగుతుంది. పై మూలల్లో ఆ రెండు గాజుకళ్లు బొట్టు పెట్టడానికే ఉన్నట్టు ఆయనకు కనపడి ఉంటాయి. సరిగ్గా వాటి మీదే నొక్కి పెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది చర్చికి పోయే కుటుంబం. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు. క్రిస్మస్‌కు పెద్దసారు మా ఇంటికొచ్చి కేకు తిని, ఇంకో ముక్క పొట్లం కట్టించుకుని పోయేవాడు. అప్పటిదాకా ఎవరి బొట్టు ఎవరికీ అడ్డం రాలేదు.

ఆఫీసరు వచ్చాడు. ముందు వరసలో పెద్దసారు, ఊరి పెద్దమనుషులు. వెనక పిల్లలు. బోర్డు మీద మొదట తన పేరు రాయడానికి పదో తరగతి అమ్మాయిని నిలబెట్టాం. అడవిలోపలి కోయగూడెం పిల్ల. మొదటి రెండేళ్లు మా తెలుగు ఆమెకు సగమే అర్థమయ్యేది, తర్వాత తరగతిలో అందరినీ దాటేసింది. ఈ బోర్డు ఉంటే కంటి బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ ఆమెకు నోటితో చెప్పాల్సిన పని ఉండదని ఆమెను నేనే ఎంచాను.

ఆ పిల్ల వేలు పెట్టి గీసింది. ఏమీ పడలేదు. ఇంకోసారి గీసింది. బోర్డు తెల్లగానే ఉంది. గదిలో ఎవరో దగ్గారు. భాయ్ కంప్యూటర్ దగ్గర ఏవేవో నొక్కుతున్నాడు, చెవుల పక్కన చెమట కారుతోంది. నేను పోయి ఆయన పక్కన వంగాను.

"ఏమైంది భాయ్?"

"కండ్లకేమో అడ్డం పడ్డది సార్." కళ్లెత్తి పై మూల చూశాడు. నేనూ చూశాను.

"బొట్టు" అన్నాను.

"అవ్ సార్. బొట్టే."

"తుడువు మరి."

"నేనా? తోబా! నేను తుడిస్తె నన్ను ఊరు దాటనిస్తరా? మీరు తుడువుండ్రి."

"నేను తుడిస్తె ఊరేగిస్తరా ఏంది?"

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. తెలిసిన వాళ్లం ఇద్దరమే ఉన్నాం, ఇద్దరం చెయ్యెత్తలేని వాళ్లమే. పెద్దసారు చెవి దగ్గరికి పోయి మెల్లగా అన్నాను: "సార్, పై రెండు బొట్లు మీ చేత్తోనే తీయండి. మీరు తీస్తే ఎవరూ ఏమనుకోరు. బోర్డు పనిచేస్తది."

ఆయన మెల్లగా చెప్పలేదు. "పెట్టిన చేత్తోటి తీస్తరా ఎవరన్న? మంచిపని జరిగేటప్పుడు గిట్ల అపశకునం మాటలేంది మాస్టారూ?" అన్నాడు. గదంతా నా వైపు తిరిగింది. వెనక నుంచి ఎవరో "వాళ్లకు బొట్టంటే పడది" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

"ఏమిటి సమస్య?" అని ఆఫీసరు అడిగాడు.

"ఏం లేదు సార్, వేడెక్కుతాంది" అన్నాడు పెద్దసారు. బోర్డు ఏమన్నా పొయ్యా వేడెక్కడానికి?

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. భద్రాచలంలో ఇంకో మీటింగుందన్నాడు. అప్పటికీ ఆ పిల్ల బోర్డు ముందే నిలబడి ఉంది. వేలిని లంగాకు గట్టిగా తుడుచుకుంది. మళ్లీ గీసింది. ఏమీ పడలేదు. నోట్లో వేలు తడి చేసుకుని తుడుచుకుంది, మళ్లీ గీసింది. నా వైపు తిరిగి నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నా ఏలు మంచిగ లేదా సార్?"

ఆ మాట విన్నాక నేను ఇంకేమీ ఆలోచించలేదు. జేబులోంచి రుమాలు తీశాను. స్టూలెక్కి కుడిమూల తుడిచాను. తడి పసుపు గాజు మీద సాగింది. ఎడమమూల తుడిచాను. ఇంకోసారి శుభ్రంగా తుడుద్దామని రుమాలు మడత మార్చేలోగా ఫ్యాన్లు ఆగిపోయాయి. ప్రొజెక్టర్ కన్ను మూసింది. కరెంటు పోయింది.

అంతే. వాళ్లందరూ చూసింది ఇంతే: నేను బొట్టు తీశాను, దీపం ఆరిపోయినట్టు బోర్డు ఆరిపోయింది. ఆఫీసరు లేచి "ఈ బడికి ఇంకా టైం పడుతుందిలెండి" అని జీపెక్కాడు. పెద్దసారు ఆయన వెనకే పరుగెత్తాడు. నేను స్టూలు మీదే ఉండిపోయాను, చేతిలో పచ్చరుమాలుతో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు వచ్చింది. పెద్దమనుషులు ఎవరూ లేరు. భాయ్ తన పెట్టెలోంచి స్పిరిట్ సీసా తీశాడు. కళ్లు రెండూ దూదితో తుడిచాం. ఆ పిల్లను పిలిపించాను. భయపడుతూ వేలు పెట్టింది. గీత పడింది. తన పేరు రాసింది, కింద వాళ్ల అమ్మ పేరు రాసింది, ఇంకా కింద వాళ్ల గూడెం పేరు రాసింది. అక్షరాలు పెద్దవై జాగా చాలక ఊరిపేరు బోర్డు అంచుదాకా పోయింది. కిటికీలకు వేలాడుతున్న పిల్లలందరూ గోల చేశారు. భాయ్ కుర్చీలో వెనక్కి వాలి "అల్లా, బతికినం" అన్నాడు.

ఆ గోలకు పెద్దసారు తన గదిలోంచి వచ్చాడు. వరండా వైపు కిటికీ దగ్గర, పిల్లల తలల వెనక నిలబడ్డాడు. బోర్డు మీద అక్షరాలు చూశాడు. ఆ పిల్ల ఒక అక్షరం చెరిపి మళ్లీ రాయడం చూశాడు. నేను చెయ్యెత్తి "సార్, లోపలికి రండి" అన్నాను. ఆయన నన్ను కూడా చూశాడు. తర్వాత తిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయన గదికి పోయాను. "బోర్డు పనిచేస్తున్నది సార్. ఆఫీసరుకు ఫోన్ చేసి చెప్పండి. రేపు కావాలంటే మళ్లీ చూపిద్దాం" అన్నాను.

"రేపు మాట్లాడుదాం తియ్" అన్నాడు.

ఆ రేపు రాలేదు. ఆ నెలలోనే వ్యాను వచ్చి బోర్డును ఊడదీసుకుని ఖమ్మం దగ్గరి బడికి పట్టుకుపోయింది. గోడకు నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి. పాఠం మళ్లీ నల్లబల్ల మీదికే వచ్చింది. ఊపిరితిత్తుల బొమ్మ సుద్దముక్కతో వేస్తుంటే ఆ పిల్ల ఆ రంధ్రాల వైపు చూసేది, నా వైపు చూసేది కాదు. ఎందుకు పట్టుకుపోయారని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు.

దాని వెనకే ఒక మాట పుట్టింది. "సైన్స్ సారు బొట్టు చెరిపిండు, బోర్డు సచ్చింది." తెలుగు తెలిసిన వాళ్లకు ఇది ఎంత మాటో చెప్పక్కర్లేదు. బల్ల తుడవడం నా ఉద్యోగం, రోజూ తుడుస్తాను. బొట్టు చెరపడం వేరు. ఒక ఆడమనిషి పసుపుకుంకుమలు తీసేసినప్పుడు అనే మాట అది. నేను తుడిచాను. వాళ్లు చెరిపిండన్నారు. ఒక్క మాట మార్చారు, నన్ను మార్చేశారు. ఆ ఏడు క్రిస్మస్‌కు మా ఇంట్లో కేకు అట్లాగే మిగిలిపోయింది.

తర్వాత నాకు వేంసూరు బదిలీ అయింది. అడవి వదిలి పొలాల్లోకి వచ్చాను, ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదనుకున్నాను. చేరిన మొదటి రోజే స్టాఫ్‌రూంలో లెక్కల సారు కుర్చీ జరుపుతూ అడిగాడు: "బోర్డుకు బొట్టు చెరిపింది మీరేనాండీ?" నా కంటే ముందు ఆ మాట బస్సెక్కి వచ్చింది. తిరుమలాయపాలెంలో ఒక పెళ్లికి పోతే అక్కడా విన్నాను. ఈసారి బోర్డు పేలిపోయింది కూడా అన్నారు.

పెద్దసారు రిటైరై ఖమ్మంలోనే ఉంటున్నాడు. బస్టాండులో ఒకసారి కనపడితే ఆ బోర్డు సంగతి అడిగాను. "ఇంకా గదే పట్టుకొని ఏలాడుతున్నవా?" అని నవ్వి, నా భుజం తట్టి, కొత్తగూడెం బస్సెక్కాడు. ఆయన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు నన్ను పిలిచాడు, పోయాను, అక్కడా అడిగాను. "ముందు అన్నం తినుపో" అన్నాడు. తినకుండా వచ్చాను.

అవును సార్, పట్టుకునే ఉన్నాను. మీరు బొట్టు పెట్టడం తప్పని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. గాజుకళ్ల సంగతి మీకు సరిగా తెలియదు, తెలియక పెట్టారు. నా ప్రశ్న పొద్దుటి సంగతి కాదు. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి ఆ పిల్ల తన పేరు రాయడం మీరు చూశారా, లేదా? చూస్తే, పనిచేసే బోర్డును ఆ పిల్లల దగ్గర నుంచి ఎందుకు పోనిచ్చారు? చూసినవాళ్లు ఒక్క మాట చెప్తే ఆగిపోయే పుకారును ఇన్నేళ్లు నా పేరు మీద ఎందుకు తిరగనిచ్చారు? అన్నం తర్వాత తింటాను. ముందు జవాబు చెప్పండి.