వాళ్లకు కావాల్సిన ఏడుపు

డిగ్రీ అయిపోయిన ఎండాకాలం నేను దిల్‌సుఖ్‌నగర్‌ల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు పోతుండేదాన్ని. మా పై పోర్షన్‌ల కిరాయికుండే ఆంటీది గుంటూరు దిక్కు. ప్రతి ఆదివారం ఎల్బీ నగర్‌ల ఒక చిన్న చర్చికి పోతది. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపింది.

"మా చర్చిలో పిల్లలకి వీబీఎస్ పెడుతున్నామమ్మా. ఈసారి ఫారిన్ నుంచి ఆరుగురు వాలంటీర్లు వస్తున్నారు. వాళ్లు చెప్పేది తెలుగులో చెప్పడానికి ఒకళ్లు కావాలి. నీకు ఇంగ్లీషు వచ్చు కదా?"

వీబీఎస్ అంటే సెలవుల్ల పిల్లలకు పాటలు, బైబిల్ కథలు, ఆటలు నేర్పే పది రోజుల బడి. మేం చర్చికి పోయేటోళ్లం కాదు. కానీ దొరలతోని ఇంగ్లీష్ మాట్లాడొచ్చన్న ఆశ నాది. సరేనన్న. నా మెడల కూడ వాలంటీర్ అని ఒక కార్డు వేసిన్రు.

ఆ ఆరుగురికి పెద్ద ఒక అరవై ఏండ్ల మనిషి. వాళ్ల ఊర్ల ఈత కొలనులు కట్టే వ్యాపారమట. మొదటి రోజు హాల్‌ల కూసున్న పిల్లలను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు. "ఈ పిల్లల కండ్లల్ల ఆకలి కనబడుతున్నది, చెప్పు వాళ్లకు," అన్నడు. పిల్లలంతా పొద్దున ఇడ్లీలు, ఉప్మాలు తిని వచ్చినోళ్లే. ఆటో నడిపేటోళ్ల పిల్లలు, మెకానిక్‌ల పిల్లలు, సరూర్‌నగర్‌ల ప్లాట్లు అమ్మే ఒకాయన మనుమలు ఇద్దరు. వాళ్ల కండ్లు ఆయన పక్కనున్న బెలూన్ల డబ్బా మీదున్నయి. నేను ఆ మాట తెలుగుల చెప్పలేదు. "సార్‌కు మీరు నచ్చిన్రట," అన్న. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. ఆయన కండ్లు తుడుచుకున్నడు.

ఆయనకు పిల్లలను దగ్గరికి తీసుకోవడం మస్తు ఇష్టం, ఫోటో తీసేటోళ్లుంటే. ఫోటో కాంగనే నడుముకు వేలాడే చిన్న సీసలకెల్లి శానిటైజర్ పిండుకొని రెండు చేతులు రుద్దుకునేటోడు. మూడో రోజుకల్లా పిల్లలు అది కూడ ఆటల భాగమే అనుకొని చేతులు చాపి లైన్ కట్టిన్రు. ఆయన నవ్వి, తలా ఒక చుక్క పోసిండు. దాన్ని కూడ ఫోటో తీపిచ్చుకున్నడు.

పాస్టర్ గారిది కూడ కోస్తానే. మెత్తటి మనిషి. వాళ్లేమన్నా తలూపేటోడు. ఆ హాల్‌కు రేకుల కప్పు. వీళ్లు వాళ్ల దేశానికి పోయి నాలుగు మంచి మాటలు చెప్తే చందాలొచ్చి స్లాబ్ పడుతదని ఆయన ఆశ. ఆయన తలూపుడు చూస్తే నాకు రోత పుట్టేది. నేను రోజంతా చేసేది కూడ అదే అని అప్పుడు తోచలేదు.

ఆరో రోజు వీడియో తీస్తమన్నరు. హాల్ గోడకు పిల్లలు రంగులేసిన బొమ్మలున్నయి. అక్కడ వద్దన్నడు పెద్దాయన. వెనక కూలగొట్టిన ప్రహరీ దగ్గర, ఇటుక ముక్కల నడుమ కుర్చీ వేయించిండు. "చెప్పులు తీసెయ్యమను," అన్నడు నాతోని. నేను చెప్పిన. పిల్లలు తీసిన్రు. ఎండకు నేల కాలుతుంటే ఒక కాలు మీద ఒక కాలు పెట్టుకుంట నిలబడ్డరు.

ఒక్కొక్కరిని కుర్చీల కూసోబెట్టి ఇంటి సంగతులు అడుగుడు మొదలుపెట్టిండు. నాలుగో పిల్లకు తొమ్మిదేండ్లుంటయి. రెండు జడలు. తండ్రి లారీ నడుపుతడు. తల్లి దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక షాపుకు బ్లౌజులు కుడుతది.

"మీ అమ్మ గురించి చెప్పమంటుండు," అన్న.

"అమ్మ ఊరికి పోయిందక్కా. మా చిన్నమ్మకు బాబు పుట్టిండు. పది రోజులైతుంది. నాకు మస్తు యాదికొస్తుంది." చెప్పుకుంటనే దాని కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

పెద్దాయన ముందుకు వంగిండు. ఆ ఆరు రోజులల్ల ఆయన నా ముఖం దిక్కు సక్కగ చూసింది అదే మొదటిసారి. నేను "హర్ మదర్ ఈజ్ గాన్" అన్న. ఊరికి అన్న ముక్క, చిన్నమ్మ ముక్క మింగేసిన. ఆయన మెల్లగ, "గాన్?" అని మళ్ల అడిగిండు. ఆయన ఏమనుకుంటున్నడో నాకు తెలుసు. తలూపిన.

ఆయన మోకాళ్ల మీద కూసొని ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఏడ్చుకుంట ప్రార్థన చేసిండు.

"అక్కా, ఈయన ఎందుకేడుస్తుండు?" అని అడిగింది పిల్ల.

"నిన్ను చూసి."

"నేనేం చేసిన?"

నేను తర్వాతి పిల్లను పిలిచిన. సాయంత్రం ఆయన నన్ను పిలిచి, నా ఇంగ్లీష్ మస్తుగున్నదన్నడు. ఇంటికి పోయి ఆ మాట మా అమ్మకు గొప్పగ చెప్పుకున్న.

వాళ్లు పోయిన నెల రోజులకు చర్చి వాట్సాప్ గ్రూపుల ఆ వీడియో వచ్చింది. ఇంకో రెండు రోజులకు ఆ పిల్ల తల్లి, పిల్లను తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఫోన్ నా చేతుల పెట్టింది.

"షాపుల ఒక పిల్ల చూసి ఏమో చెప్పింది. నేను నమ్మలే. గీడ ఇంగ్లీషుల ఏం రాసిన్రో జర సదువు బిడ్డా."

తల్లి చచ్చిపోయిన అనాథ పిల్ల అని ఉన్నది. చదివి చెప్పిన.

"నేను సచ్చిపోయిన్నా?" అన్నదామె. గొంతు పెంచలేదు. "ఎవరు చెప్పిన్రు గట్ల?"

"వాళ్లే తప్పుగ అర్థం చేసుకున్నరు," అన్న.

పిల్ల తల్లి కొంగు పట్టుకొని నా దిక్కే చూస్తుంది. "నేను ఊరికి పోయిందనే చెప్పిన. ఇంగ్లీషుల అక్క చెప్పింది," అన్నది.

తల్లి, మా అమ్మ తెచ్చిన నీళ్లు ముట్టలేదు. "దాన్ని ముందట కూసోబెట్టుకొని నన్ను సంపినవా బిడ్డా," అన్నది.

మరునాడు పాస్టర్ గారి దగ్గరికి పోయి ఉన్నదున్నట్లు చెప్పిన. ఆయన తిట్టలేదు. ఇద్దరం కలిసి పెద్దాయనకు మెయిల్ రాసినం. తల్లి బతికే ఉన్నది, నేనే కావాల్నని తప్పు చెప్పిన, వీడియో తీసెయ్యండి అని. జవాబు వచ్చింది. ఆ వీడియో చూసి ఎంతోమంది మనసులు కరిగినయట. వివరాలెట్లున్నా అందులో సత్యం ఉన్నదట. నా కోసం ప్రార్థన చేస్తడట.

దాన్ని చదివి పాస్టర్ గారు కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. ఇప్పుడు కూడ తలూపుతడనుకున్న. ఆయన తనే కూసొని, తడుముకుంట, తప్పుల ఇంగ్లీషుల ఇంకో మెయిల్ రాసిండు. అది అబద్ధమని, తీసెయ్యకపోతే మళ్ల తన చర్చికి రావద్దని. "మరి స్లాబు?" అన్న నేను. "అబద్ధం మీద స్లాబ్ ఎందుకమ్మా," అన్నడు.

వీడియో తీసేసిన్రు. క్షమించమని ఒక్క ముక్క రాయలేదు. మళ్ల రాలేదు కూడ.

ఆ పెద్దాయనంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. కానీ ఆయనకు తెలుగు రాదు. నాకొచ్చు. ఆ లెక్కన చూస్తే ఆయనకన్న నేనంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

ఆ తల్లి ఎప్పుడన్నా దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద కనబడుతది. "మంచిగున్నవా?" అని అడుగుతది. పిల్ల ఇప్పుడు తల్లి భుజం దాక ఎదిగింది. "అక్కతోని మాట్లాడవే," అంటది తల్లి. అది నా దిక్కు ఒకసారి చూసి, తల్లి చేతుల సంచి అందుకొని ముందుకు నడుస్తది.