నోట్లో నాలుక లేని పిల్ల

మా చిన్నప్పుడు... గద్వాలలో మా ఇంట్లో నోరు తెరిస్తే దెబ్బలు పడేవి. అబద్ధమనుకోకండి. మగ్గం ఆడుతున్నంతసేపు అదే మా ఇంటి చట్టం.

గద్వాల చీరంటే నడుమ నూలు, అంచులకు పట్టు. ఒక్కరి చేతులు చాలవు... అమ్మా నాయినా ఇద్దరూ మగ్గం దగ్గరే. నాయిన పెదాల మీద ఎప్పుడూ పోగుల లెక్కే. నేను మూలన కూర్చుని నూలును కండెలకు చుడుతూ ఏదైనా అడగబోతే కసిరేవాడు.

"సప్పుడు జెయ్యకు పిల్లా! పోగు తప్పుతది. సావుకారు చీరను మొకాన గొడ్తడు."

చీర వెనక్కి వస్తే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే ఆయన్ను తప్పు పట్టలేను... కానీ కోపం మాత్రం ఈ వయసుకీ పోలేదు.

నేను పుట్టినప్పుడు మా నాయినమ్మ ఉండేది. నన్ను చంకనేసుకుని వాడకట్టంతా తిరుగుతూ, కాకినీ కుక్కనీ చూపించి ముచ్చట్లు చెప్పేది. చెల్లి చంద్రమ్మ పుట్టేసరికి ఆమె పోయింది. పాకుతూ వచ్చి పట్టుపోగులు లాగుతుందని, చెల్లి నడుముకు పాత చీర పేలిక చుట్టి లోపలి గదిలో గుంజకు కట్టేసేవారు. కిటికీ లేని గది అది... కూడు పెట్టేటప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు.

ఏడ్చీ ఏడ్చీ కొన్నాళ్లకు ఏడవడమే మానేసింది.

అది చూసి వాడకట్టు ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకునేవారు. "ఎంత మంచి బిడ్డనే! నోట్లె నాలికే లేదు." మా అమ్మ పొంగిపోయి, సాయంత్రం దానికి దిష్టి తీసేది.

కండెలు చుట్టే ఈడు వచ్చినా చెల్లికి మాట రాలేదు. చెవులు బాగానే వినిపించేవి. ఒకరోజు అమ్మ నేత మధ్యలోనే లేచి వచ్చి దాని ముందు కూర్చుంది. నాయిన కూడా చేయి ఆపాడు.

"అమ్మా అను బిడ్డా... జర ఒక్కపారి అను."

చెల్లి అమ్మ నోటినే చూసింది. ఏదో అర్థమైనట్టు నవ్వి, "టక్... టక్..." అంది.

మగ్గం చప్పుడు అది. రోజంతా దానితో మాట్లాడింది ఆ మగ్గం ఒక్కటే మరి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది... అప్పుడు కూడా చప్పుడు రాకుండానే.

తలరాత అన్నారు, తాయెత్తులు కట్టారు. చెల్లి పోయేదాకా అలాగే బతికింది.

మొన్న పిల్లల డాక్టరుగా చేస్తున్న నా మనవరాలు చెప్పింది. "పసిపిల్లల మెదడు ఎదగాలంటే వెలుతురు కావాలె, ఆట కావాలె, పక్కన మాట్లాడే మనిషి కావాలె అమ్మమ్మా." ఒకే ఇల్లు, ఒకే అమ్మానాయిన... నాకు నాయినమ్మ దొరికింది, దానికి దొరకలేదు. అంతే తేడా.

ఇప్పుడు ఆ చీకటి గదులు లేవు. కానీ పసివాళ్ల చేతిలో ఫోను పెట్టి, "మా పాప అసలు అల్లరే చేయదండీ" అని మురిసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇల్లు పీకి పందిరి వేయనివ్వండమ్మా!

మీకు మొదటి మాటలు నేర్పింది ఎవరో కింద రాయండి... మా చెల్లికి మాత్రం మగ్గమే నేర్పింది.