నా ఫిడేలును కాల్చమన్నారు

సహోదరులారా, సహోదరీలారా, ఎక్కువసేపు నిలబడితే నా మోకాళ్ళు ఒప్పుకోవు గనుక ఈ కుర్చీలో కూర్చునే నా సాక్ష్యం చెబుతాను, మర్యాద తప్పిందని ఎవరూ అనుకోవద్దు. పాస్టరు గారు నన్ను పిలిచి, "మార్తమ్మా, సంతోషంగా చెప్పు, కొత్తోళ్ళు గూడా వస్తాండారు" అన్నారు. సంతోషం ఉంది, దేవునికే మహిమ! కానీ కోపం కూడా ఉంది. ఆ కోపాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి ఇక్కడికి వచ్చి నవ్వుతూ మాట్లాడితే అది సగం సాక్ష్యమే అవుతుంది, సగం చెప్పి కూర్చోవడానికి నేను రాలేదు.

నా చీకటి రోజులు కళ్యాణదుర్గంలో ఒక శ్రీరామనవమి పందిట్లో మొదలయ్యాయి. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత వరుసగా వానలు లేక వేరుశనగ మొలకలోనే మాడిపోయిన ఆ కరువు రోజుల్లో జరిగిన మాట ఇది. నేను కర్ణాటక సంగీతం వాయించే ఫిడేలు విద్వాంసురాలిని. ఆ సాయంత్రం ఒక గాయకుడి పక్కన కూర్చుని వాయిస్తున్నాను. ఆయన కల్యాణి రాగం ఆలాపన చక్కగా పాడి, ఇక నువ్వు వాయించమ్మా అన్నట్టు నా వైపు తిరిగి చూశాడు. నా ఎడమచేతి వేళ్ళు తంతి మీద జారలేదు! చెక్క వేళ్ళలాగా బిగుసుకుని ఉండిపోయాయి. గమకం పలకాల్సిన చోట కీచుమని శబ్దం వచ్చింది, ముందు వరుసలో ఎవరో నవ్వారు, గాయకుడు పాపం మంచివాడు గనుక తానే మళ్ళీ అందుకుని పాడి నా తప్పును కప్పిపుచ్చాడు. కచేరీ అయ్యాక నేను లేవలేకపోయాను. మేము ఫిడేలును మఠం వేసుకుని కూర్చుని, దాని తలను పాదం మీద ఆనించి వాయిస్తాం కదా, అలా మడిచిన మోకాళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి, బస్తాను లేపినట్టు నన్ను లేపారు.

ఆ వేదిక మీద కూర్చునే హక్కు నాకు ఎంత కష్టపడితే వచ్చిందో మీకు తెలియాలి. మాది తనకల్లు దగ్గర పల్లె, మా నాయన కూలిపని చేసేవాడు, మా తాత కాలం నుంచీ మేము క్రైస్తవులం. కదిరిలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు శారదమ్మ గారు అనే సంగీతం టీచరు ఇంటి కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. ఒకరోజు ఆమె తలుపు తీసి, నీ పేరేమి, నీది ఏ కులం అని అడగకుండా, "ముందు పోయి గోళ్ళు కత్తిరిచ్చుకొని రా, గోళ్ళతో ఫిడేలు పలకదు" అంది. అంతే. ఏళ్ళ తరబడి నేర్పింది, డిప్లొమా పరీక్షకు తనే వెంటబెట్టుకుని పోయింది, ఆఖరికి తన ఫిడేలు నా ఒళ్ళో పెట్టింది. పెళ్ళయి కళ్యాణదుర్గం అవతల ఉన్న మా ఆయన జాన్ ఊరికి వచ్చాక, పొద్దున ఇంట్లో పిల్లలకు పాఠాలు, మధ్యాహ్నం బస్సెక్కి పట్టణంలో పాఠాలు, సాయంత్రం ఎవరు పిలిస్తే వారి పక్కన కచేరీ, ఇదే నా బతుకు. గోడ మీద అంటించే కాగితంలో గాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉండేది, నా పేరు చాలాసార్లు ఉండేదే కాదు. అయినా వాయించాను! నా చేతిలో కమాను కదిలినప్పుడల్లా, ఇది నువ్వు ఇచ్చిన చేయే కదా ప్రభువా అని లోపల స్తోత్రం చెప్పుకుంటూనే వాయించాను.

పందిట్లో అలా జరిగిన మరుసటి రోజే, ఆ కచేరీ పెట్టించిన సంగీత సభ కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఒళ్ళు ఎలా ఉంది అని కూడా అడగలేదు.

"చూడమ్మా, మతం మారినోళ్ళ చేతిలో సరస్వతి యాడ నిలుస్తాది? ఇంక నువ్వు రావద్దులే" అన్నాడు.

నేను ఏమీ మారలేదు, పుట్టుకతోనే విశ్వాసిని, ఆయన పందిళ్ళలో ఇన్నేళ్ళు వాయించింది కూడా ఈ విశ్వాసినే! సరే, వాళ్ళు బయటివాళ్ళు, నా సంఘం నాకుంది అనుకుని ఆదివారం ఇక్కడికే వచ్చాను, ప్రార్థన చేయమని అడిగాను. సహోదరులారా, ఆ రోజు ఈ సంఘంలో నాకు ఏం జరిగిందో ఇక్కడున్న చాలామందికి గుర్తుంది. మా సంఘపెద్ద ఒకాయన నా తల మీద చేయి పెట్టడానికి బదులు నా చేతుల వైపు వేలు చూపించాడు.

"విగ్రహాల ముందర వాయించిన చేతులు గదా అవి. దేవుడు ఊరకే ఉంటాడా? ఆ ఫిడేలు తెచ్చి సంఘం ముందర కాల్చు మార్తమ్మా. అప్పుడు నయమైతాది."

ఊరికే అన్న మాట కాదు అది! తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యేసరికి బయట వాకిట్లో కట్టెలు పేర్చి, పక్కన కిరసనాయిలు సీసా కూడా పెట్టి ఉంచారు. శారదమ్మ గారి ఫిడేలుకు చితి పేర్చారు! మీలో కొందరు చుట్టూ నిలబడ్డారు, ఒక్కరైనా ఇది తప్పని అనలేదు. మా ఆయన ఒక్కడే ముందుకు వచ్చి, "ఏమప్పా పెద్దాయనా, ఇది దేవుని మాటనా, నీ మాటనా? దేవుని మాటైతే నాకు వాక్యంలో చూపించు" అన్నాడు. వాక్యం చూపించలేదు గానీ, ఫిడేలు కాల్చేదాకా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకు రావద్దని మాత్రం చెప్పారు.

నేను కాల్చలేదు. కాల్చలేదు గనుక సంఘం పిల్లలు పాఠానికి రావడం మానేశారు, సభ వాళ్ళ మాట విని మిగతా పిల్లలు కూడా మానేశారు, ఒకరిద్దరు మాత్రం మిగిలారు. పొద్దున లేస్తే మెడ తిరగదు, జడ వేసుకోవడానికి చేయి పైకి పోదు, జాన్ జడ వేసేవాడు. ఒక మధ్యాహ్నం వంటింట్లో గోడకు ఆనుకుని నేను చేసిన ప్రార్థన మీకు ఉన్నదున్నట్టు చెబుతాను, ఇది మర్యాద ప్రార్థన కాదు.

"ప్రభువా, నీకు నా చేతులు కావాల్నా? తీసుకో. కానీ ఎందుకు తీసుకున్నావో నువ్వే చెప్పు, వాళ్ళతో చెప్పించొద్దు. నీకు మొక్కినానని సరస్వతి పోయిందని వాళ్ళంటారు, ఆ విగ్రహాల ముందర వాయించినానని నువ్వే కొట్టినావని ఈళ్ళంటారు. నేను ఎవురికి మొరపెట్టుకోవాల? నాకు కోపమొస్తాండాది ప్రభువా! నీ మీదే వస్తాండాది. ఇనిపిస్తాండాదా నీకు?"

పిడుగు పడలేదు, దర్శనం రాలేదు. ఆ వారంలోనే గంగమ్మ వచ్చింది. గంగమ్మ గొర్రెలు మేపుకునే ఇంటి ఆడమనిషి, కదిరి నరసింహస్వామిని కొలుచుకుంటుంది, ఆమె కూతురు లక్ష్మి నా దగ్గర మిగిలిన పిల్లల్లో ఒకతె.

"టీచరమ్మా, పాపకు మోకాళ్ళు మడవను రావడంలే. పొద్దున లేస్తానే నీ మాదిరే కుంటుతాండాది. మా మామకైతే నడుమే వంగిపోయింది. ఏం దోషమో ఏమోనని తాయెత్తు గూడా కట్టిచ్చినా" అని ఏడ్చింది.

లక్ష్మిని దగ్గరికి తీసుకుని నోరు తెరవమన్నాను. పళ్ళ మీద గోధుమరంగు చారలు. అవి నాకు కొత్త కాదు, మా ఊరి పిల్లల్లో సగం మందికి ఉన్నాయి, రోజూ పాడించేటప్పుడు చూస్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు నా గుండెలో ఎవరో తట్టినట్టు అయింది. ఈ పాప ఏ పందిట్లో వాయించింది? ఏ మతం మారింది? ఆ ముసలాయన ఏ ఫిడేలు పట్టుకున్నాడు? మా పెద్ద చెప్పినది నిజమైతే దేవుడు ఈ పసిబిడ్డను ఎందుకు కొడతాడు? కొట్టడు! నా తండ్రి అలాంటివాడు కాడు! నా నోటి నుంచి ఆ మాట బయటికే వచ్చేసింది, గంగమ్మ భయపడి చూసింది.

ముగ్గురం అనంతపురం పోయి డాక్టరుకు చూపించుకున్నాం. ఆయన ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి చూసి, "ఏ నీళ్ళు తాగుతారమ్మా మీరు?" అని అడిగాడు. కరువులో పాత బోర్లు ఎండిపోతే ఇంకా లోతుగా వేసిన బోరు నీళ్ళు అన్నాం. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందనీ, అది ఎముకల్లో చేరి కీళ్ళను బిగించేస్తుందనీ, పిల్లల పళ్ళ మీద ఆ చారలు కూడా దాని గుర్తేననీ చెప్పాడు. "మందుకన్నా ముందు నీళ్ళు మార్చండి. పాపకు బాగైతాదని నమ్మకముండాది. నీకు మాత్రం పూర్తిగా మునుపటి మాదిరి అయితాదని నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

నీళ్ళు! సహోదరులారా, నీళ్ళు! నా పాపమూ కాదు, సరస్వతి అలకా కాదు. ఇంటికి వచ్చి చెబితే జాన్ తల పట్టుకున్నాడు. ఆ బోరుకు పెట్టిన చేతిపంపు మీద ఎప్పుడో ఎర్ర రంగు పూసి ఉండేదట, తాగకూడని నీళ్ళని గుర్తు. ఎన్నికలప్పుడు ఒక పార్టీ వాళ్ళు దాని మీద తమ రంగు పూసుకుని పోయారు! ఎర్ర రంగు పోయింది, మేమందరం తాగాం. ఆ కుర్రవాళ్ళ మీద, చూసి కూడా ఊరుకున్న మంచినీళ్ళ అధికారి మీద, కట్టెలు పేర్చడానికి ఓపిక ఉండి నీళ్ళ సంగతి ఆలోచించడానికి ఓపిక లేని మన సంఘం మీద నాకు ఎంత మంట పుట్టిందో మాటల్లో చెప్పలేను.

ఆ మంటతోనే మళ్ళీ ప్రార్థన చేశాను, ఈసారి లేచి నడిచే బలం అడిగాను. గంగమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను పోగు చేసి, ఖాళీ స్టీలు బిందెలతో ఆ అధికారి ఆఫీసు ముందు కూర్చున్నాం. నేను కింద కూర్చోలేను గనుక నాకొక స్టూలు వేశారు. మీ అర్జీ పైకి పంపినాం, పోండి అన్నారు. మేము పోలేదు. నేను మా ఆడవాళ్ళకు ఆదితాళం నేర్పించాను, బిందెల మీద అందరూ కలిసి తాళం వేస్తే లోపల ఎవరూ ఫోనులో మాట్లాడలేకపోయారు. అధికారి బయటికి వచ్చి, "ఏమమ్మా, ఇది ఆఫీసా, భజన మందిరమా?" అని అరిచాడు.

"నీళ్ళియ్యి సారూ, ఆపుతాం. లేదంటే రేపు డోలు గూడా తెస్తాం" అంది గంగమ్మ.

రోజూ పోయాం. ఒకరోజు మన సంఘపెద్ద గారి భార్య సుగుణమ్మ బిందె పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది, ఆమెకూ నడుము వంగిపోయి ఉంది. తాళం సరిగ్గా వేయలేదు, కానీ సాయంత్రం దాకా కూర్చుంది. మొదట ట్యాంకరు వచ్చింది. ఆ బోరుకు తాళం పడింది. చాలా నెలల తర్వాత మంచినీళ్ళ పైపు మా ఊరి దాకా వచ్చింది. ఆ కొళాయి దగ్గర లక్ష్మి దోసిలి పట్టి తాగుతుంటే నేను పిచ్చిదానిలా ఏడ్చాను, స్తోత్రం ప్రభువా, స్తోత్రం!

లక్ష్మి ఇప్పుడు మఠం వేసుకుని కూర్చుని వాయిస్తుంది. నా నొప్పులు మెల్లగా తగ్గాయి, మెడ తిరిగింది, ఒక ఉదయం నా జడ నేనే వేసుకున్నాను. తర్వాత తంతి మీద వేలు జారింది, మొదట ఒక వేలు, తర్వాత మిగతావి. డాక్టరు చెప్పలేనన్నది దేవుడు చేశాడు, అంతా చేయలేదు, చాలినంత చేశాడు. మోకాళ్ళు ఇంకా పూర్తిగా మడవవు, సాక్ష్యంలో అబద్ధం చెప్పను. ఫిడేలు తలను చిన్న పీట మీద ఆనించి, కుర్చీలో కూర్చుని అనంతపురంలో కచేరీ చేశాను, గోడ మీది కాగితంలో నా పేరు కూడా వేశారు. ఈ పాస్టరు గారు మన సంఘానికి కొత్తగా వచ్చిన మొదటి ఆదివారమే నన్ను ప్రభువు బల్లకు పిలిచారు. గుడికి పోయే పిల్లలూ సంఘం పిల్లలూ ఇప్పుడు ఈ మందిరం వరండాలోనే నా దగ్గర నేర్చుకుంటున్నారు.

నా ఫిడేలును కాల్చమన్న పెద్దాయన ఇవాళ రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. తప్పయిందని ఆయన ఇంతవరకు నాతో అనలేదు. క్షమించమని ప్రభువు రోజూ చెబుతున్నాడు, నేను రోజూ ప్రయత్నం చేస్తున్నాను, ఇంకా కాలేదు, మీరు నా కోసం ప్రార్థన చేయండి.

ఇక్కడికి మొదటిసారి వచ్చినవాళ్ళకు ఒక్క మాట. మీ రోగాన్ని చూపించి, నీ దేవుడే నిన్ను కొట్టాడని ఎవరైనా అంటే, వాళ్ళు ఏ గుడివాళ్ళైనా సరే, ఏ సంఘం వాళ్ళైనా సరే, నమ్మవద్దు. నా తండ్రి నా చేతులను విరిచేవాడు కాదు, వంటింట్లో నేను తిట్టినట్టు ప్రార్థిస్తే కూడా చెవి తిప్పుకోకుండా విని, నా వాకిట్లోకి గంగమ్మను పంపినవాడు. మీకు కోపంగా ఉంటే ఆ కోపంతోనే ఆయన దగ్గరికి రండి. ఆరాధన అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, ఎవరికైనా అలాంటి మాట మోయలేని బరువుగా ఉంటే వచ్చి నా పక్కన కూర్చోండి, ఇద్దరం కలిసి ఆయన్ను అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. ఆయన వింటాడు, ఆయనకే మహిమ.