రఫియా ఆంటీ పుట్ ఆప్షన్

2023లో నేను సింగపూర్‌లోని ఒక బ్రోకరేజ్ సంస్థలో ఆప్షన్స్ డెస్క్ మీద పనిచేసేదాన్ని. ఫోన్‌లో ఆర్డర్లు తీసుకోవడం, గడువు దగ్గరపడ్డ కాంట్రాక్టుల గురించి ఖాతాదారులకు గుర్తుచేయడం నా పని. పగలంతా మాట్లాడుతూనే ఉండేదాన్ని. యూ టీ అనే పేటలో నా అద్దె గదికి చేరాక మాత్రం మర్నాడు ఉదయం దాకా నోరు విప్పే అవసరం ఉండేది కాదు.

ఒక బుధవారం, ఆ శుక్రవారం గడువు తీరే పుట్ ఆప్షన్ ఉన్న ఒక జాయింట్ ఖాతాకు ఫోన్ చేశాను. రఫియా ఆంటీ ఎత్తారు. హైదరాబాద్ వాళ్లు, సెరంగూన్‌లో ఉంటారు. ఖాతాలో మొదటి పేరు ఆమె భర్తది. ఆయన పోయి రెండు నెలలైందని చెప్పి, "ఆయన ఎట్ల పెట్టిపోయిండ్రో అట్లనే ఉండనీ బేటా. ఏం ముట్టుకోకు," అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. ముట్టుకోకపోతే అది అలాగే ఉండదు. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు రమ్మన్నాను.

ఒక్కరే వచ్చారు. పిల్లలు లేరట.

"ఆంటీ, మీ ఫ్లాట్ కొన్నప్పుడు ముందు ఆప్షన్ ఫీజు కట్టారు కదా?"

"కట్టినం. ఇన్ని రోజుల్ల, ఈ ధరకే కొంటమని."

"కొనే హక్కు మీది. కొని తీరాలన్న బలవంతం లేదు. షేర్ల మీద కాల్ ఆప్షన్ అంటే అదేనండి. పుట్ దానికి తిరగేసింది. గడువులోగా, ముందే అనుకున్న ధరకి అమ్ముకునే హక్కు. ధర పడిపోతుందని భయపడేవాళ్లు కొంటారు. పడకపోతే ఆ హక్కుకు కట్టిన ప్రీమియం పోతుంది, అంతే."

ఆయన తను పనిచేసిన కంపెనీ షేర్లు వంద దాచుకున్నారు. ఒక్కోటి వంద డాలర్లకు అమ్ముకునే హక్కు కొనిపెట్టారు. ఇప్పుడు మార్కెట్లో ధర డెబ్బై. ఇలా లాభంలో ఉన్న పుట్, ఎవరూ ఏమీ చెప్పకపోతే, గడువు రోజున దానంతటదే అమలవుతుంది, షేర్లు అమ్ముడుపోతాయి. షేర్లు ఉంచుకోవాలంటే ఆలోపే పుట్‌ను అమ్మేయాలి.

ఆమె వింటూనే, నేను ముందు పెట్టిన కాంట్రాక్టు కాగితం మీద పుట్ కొన్న తేదీ చూశారు.

"ఆ రోజు ఆస్పత్రికి పోయిండ్రు. బీపీ చెకప్ అన్నరు నాతోని."

జబ్బు సంగతి ఆయనకు తెలిసింది ఆ రోజేనట. ఆమెకు తెలిసింది రెండు నెలల తర్వాత, ఆయన్ని ఆస్పత్రిలో చేర్చాక.

ఆ ఆర్డర్ తీసుకున్నది నేనే. ఫైలు తెరిచినప్పుడే చూశాను. చెప్పాలా వద్దా అని ఉదయం నుంచీ తటపటాయిస్తున్నాను. ఇక చెప్పేశాను. ఆర్డర్ అయిపోయాక ఆయన, "ఇది మా ఇంట్ల ఆమెకు సమజయ్యేటట్టు ఎట్ల చెప్పాలమ్మా?" అని అడిగారు. అవతల ఇంకో రెండు కాల్స్ మోగుతున్నాయి. "వెబ్‌సైట్‌లో వీడియో ఉంది సార్," అని పెట్టేశాను.

 ఆంటీ నా పెన్ను తీసుకుని, కాగితం వెనక ఒక గీత గీశారు. ఎడమవైపు పైనుంచి ఏటవాలుగా దిగి, వంద దగ్గర ఆగి, అక్కణ్ణుంచి నేలబారుగా సాగింది. పుట్ లాభనష్టాల గ్రాఫ్ అది. నేను ఆమెకు చూపించలేదు.

"ఇరవై ఆరేండ్లు స్కూల్ల మ్యాథ్స్ చెప్పిన బేటా," అన్నారు. "లెక్క తెల్వదని గాదు, నేను ఏడుస్తనని ఆయన చెప్పలే. ఏడ్చెటోళ్లం. ఇద్దరం కలిసి ఏడ్చెటోళ్లం."

ఏం చేయమంటారో రాసిచ్చే ఫారం ఆమె ముందుకు జరిపాను.

"షేర్లు పోనీ," అని సంతకం పెట్టారు. "నా కోసం కొన్న హక్కు గద. వాడుకుంట."

పుట్ అమలైంది, డబ్బు ఖాతాలో పడింది. ఆమె మళ్లీ ఫోన్ చేయలేదు, నాకూ చేసే కారణం దొరకలేదు. ఒకటి రెండుసార్లు నంబరు తీసి చూసి, ఊరుకున్నాను.

ఆప్షన్స్ గురించి నాకు తెలిసినవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. రఫియా ఆంటీ దగ్గర నేర్చుకున్నది ఒక్క ప్రశ్న. ఎవరైనా మొదటిసారి పుట్ కొంటుంటే, "ఇది ఇంట్లో ఎవరికైనా చెప్పారా?" అని అడుగుతాను. కొందరు ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంకొకరిని పిలుస్తారు. కొందరు ఒక క్షణం ఆగి, చెప్పడానికి ఎవరూ లేరంటారు. వాళ్లకు నేను తొందరపడకుండా, మొదటి నుంచి మళ్లీ చెబుతాను.