అన్నం వేళకు బేస్ గిటార్

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నమ్మకం ఉంటే నా పని నడవదు. మెదక్‌లో సీసీ కెమెరాలు బిగించే దుకాణం నాది. రామాయంపేట, కౌడిపల్లి, చేగుంట దాకా నేను బిగించిన కెమెరాలు ఉన్నాయి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు, "అన్నా, కెమెరాల తెల్లగ ఏదో తిరుగుతుందే" అని వణుకుతూ ఫోన్ చేస్తారు. పోయి చూస్తే కెమెరా ముందు సాలీడు గూడు కట్టుకుని ఉంటుంది. కెమెరా వెలుగుకు ఆ దారాలు తెల్లగా మెరుస్తాయి. గుడ్డతో తుడిస్తే దెయ్యం పోతుంది. ఒక రైస్‌మిల్లు ఆయన నాకంటే ముందు మంత్రగాడిని పిలిచి కోడిని కూడా బలిచ్చేశాడు. ఆ కోడి మీద జాలిపడ్డాను కానీ దెయ్యానికి మాత్రం భయపడలేదు.

అలాంటి నాకు, మా ఇంట్లోనే, దీపాలు పెట్టే వేళకు జరిగిన సంగతి ఇది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా తాత గురించి చెప్పాలి. ఆయన పెళ్లిళ్ల బ్యాండు మేళంలో పెద్ద డోలు వాయించేవాడు. చిన్నప్పుడు నేను ఆయన వెంట తిరిగేవాణ్ని. అందరూ సన్నాయి వైపు, బాకాల వైపు చూస్తుంటే నేను డోలు పక్కన నిలబడేవాణ్ని. "డోలు ఇంతంత ముందల వడాలెరా, మిగిలినోళ్లు దాని ఎంబడి రావాలె" అనేవాడు తాత. ఆ లావు చప్పుడు మీద మోజు నాకు అప్పుడే పట్టుకుంది.

మా నాయనమ్మకు చెవులు వినపడవు. నేను పుట్టకముందే ఏదో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాటలు మాత్రం పోలేదు, అవి అందరి వాటా ఆమే మాట్లాడేది. పిలిస్తే పలకదు కాబట్టి తాత ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే వాకిట్లో డోలు దించి దాని మీద కాసేపు మెల్లగా కొట్టేవాడు. వంటింట్లో ఉన్న నాయనమ్మ వెంటనే కంచాలు తీసేది. ఎట్లా తెలుస్తుందని సైగ చేసి అడిగితే రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "చెవుల్ల కాదురా, గిక్కడ ఇనొస్తది" అనేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. పెళ్లిళ్లు లేని మూఢాల్లో కూడా ఆ డోలు మోగనిదే మా ఇంట్లో అన్నం కంచంలో పడేది కాదు.

నిరుడు తాత పోయాడు. డోలు అప్పటికే మేళం వాళ్లకు ఇచ్చేశాడు. మా నాన్న లేడు కనుక నాయనమ్మను కొన్నాళ్లు నేను, కొన్నాళ్లు చేగుంటలో ఉండే మా మేనత్త చూసుకోవాలని అనుకున్నాం. మొదట మా ఇంటికి తీసుకొచ్చాను.

వచ్చిన దగ్గర్నుంచి ఆమె అన్నం మానేసింది. మాటలూ మానేసింది. నోటికి ముద్ద అందిస్తే ఒకటి రెండు మింగి మొహం గోడకు తిప్పుకునేది. దవాఖానాకు తీసుకుపోతే అన్నీ చూసి, ఒంట్లో రోగం ఏమీ లేదు, కానీ ఇట్లాగే తినకుండా ఉంటే మాత్రం కష్టమని చెప్పారు. స్వప్న, అంటే మా ఆవిడ, చేయని వంట లేదు. సర్వపిండి, పచ్చిపులుసు, నాయనమ్మకు ప్రాణమైన మక్క గారెలు కూడా చేసింది. ఒక్క గారె కూడా కదల్లేదు. ఆమె మా కళ్ల ముందే ఎండిపోతుంటే నాకు ఏడుపొచ్చేది.

ఇక గిటార్ సంగతి. ఆర్కెస్ట్రాలో వాయించి వాయించి విసిగిపోయిన ఒక దోస్తు తన బేస్ గిటార్ నాకు ఇచ్చాడు. నాలుగే లావు తీగలుంటాయి దానికి, డోలుకు చెల్లెలి లాంటిది. ఇచ్చాడు సరే, ఇంట్లో వాయించడం ఎట్లా? మేముండేది కిరాయి ఇంటి పై పోర్షన్. కింద ఓనర్ గారి బిడ్డ గ్రూప్స్‌కు చదువుతోంది. "ఇంట్ల బీరువంత స్పీకర్ డబ్బా వెడితే నేను మా అమ్మగారింటికి పోతా" అని స్వప్న ముందే చెప్పింది. అందుకని కొన్ని నెలలు ఫోన్‌లో వీడియోలు చూశాను. ఏ పెడల్ చిన్నది, ఏ స్పీకర్ ఇంటికి పనికొస్తుంది, ఎంత చిన్న స్పీకర్‌లో అన్నిటికంటే లావు తీగ మోత బతికి బట్టకడుతుంది. పెళ్లి సంబంధాలు కూడా ఇంత వెతకలేదని స్వప్న దెప్పేది.

చివరికి ముందు పెడల్ ఒకటి కొన్నాను. చేతిలో పట్టేంత డబ్బా. గిటార్ వైరు అందులో గుచ్చితే శబ్దాన్ని మన ఇష్టం వచ్చినట్టు మలచుకోవచ్చు, అదే డబ్బాకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినొచ్చు. స్పీకర్ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. ఈ పద్ధతిలో వాయించేవాడికి తప్ప ఎవరికీ ఏమీ వినబడదు. తీగలు టిక్కుటిక్కుమంటాయంతే.

ఒకరోజు సాయంత్రం పడకగదిలో తలుపేసుకుని హెడ్‌ఫోన్స్‌తో వాయిస్తున్నాను. స్వప్న తలుపు తోసుకుని వచ్చింది. మొహం అదోలా ఉంది. చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయింది. నాయనమ్మ కింద కూర్చుని ఉంది. ముందు రెండు కంచాలు పెట్టుకుంది, ఒకటి తనకు, ఒకటి ఎదురుగా. "అన్నం వెట్టుండ్రి" అంది. మా ఇంటికి వచ్చాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

ఆ పూట ఆమె కడుపు నిండా తిన్నది. మేమిద్దరం తినడం మరిచిపోయి ఆమెనే చూస్తూ కూర్చున్నాం.

ఏదో గుర్తొచ్చి లేచిందిలే అనుకున్నాను. అయినా చూద్దామని మర్నాడు కావాలనే వాయించలేదు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నమే వచ్చి వాయించాను. మధ్యాహ్నమే కంచాలు పెట్టింది. నేల గుండా అదురు పోతున్నదేమోనని పరుపు మీద కూర్చుని వాయించాను. కంచాలు పెట్టింది. గిటార్, పెడల్ పట్టుకుని డాబా మీదకు పోయి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి వాయించాను. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఓనర్ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఏం శీనూ, తీగలు మోగుతలేవు, నువ్వొక్కనివే ఊగుతున్నవ్?" అన్నారు. కిందికి దిగేసరికి కంచాలు పెట్టి ఉన్నాయి.

నా వృత్తి నాకు తెలుసు కదా. పడకగదిలో ఒక కెమెరా, హాల్లో ఒక కెమెరా బిగించి, రెండింటినీ ఒకే రికార్డర్‌కు కలిపాను. రెండూ ఒకే గడియారం మీద నడుస్తాయి, తేడా రాదు. తర్వాత తెర మీద రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో నేను తీగ మీటుతున్నాను. ఇంకోదాంట్లో నాయనమ్మ ఖాళీ కంచం అంచు మీద వేలితో కొడుతోంది. నేను ఆగిన చోట ఆమె ఆగింది. నేను జోరు పెంచితే ఆమె పెంచింది. మెల్లగా తిప్పి తిప్పి చూస్తే ఇంకోటి కనబడింది. ప్రతిసారీ ఆమె వేలు నా వేలి కంటే ఒక పిసరు ముందు పడుతోంది.

రెండు కెమెరాల అద్దాలూ తుడిచాను. సాలీడు లేదు.

స్వప్నకు ఇదంతా విడ్డూరంగా అనిపించనే లేదు. "ముసలామె మంచిగ తింటుంది. ఆమెకు ఇనొస్తుందంటే ఇనొస్తుంది. నడుమ నీకేం పరేషాన్?" అంది. నాకు మాత్రం నెమ్మది లేదు. అప్పుడే స్పీకర్ కొనాలని తీర్మానించుకున్నాను. హెడ్‌ఫోన్స్‌తోనే పని జరుగుతుంటే స్పీకర్ ఎందుకని మీరు అడగవచ్చు. ఉన్నమాట చెబుతాను. అది నా కోసం. ఇంట్లో స్పీకర్ మోగుతుంటే, ఆమెకు తెలియడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం నాకు కావాలి.

ఎంచుకోవడానికి నాయనమ్మనే సికింద్రాబాద్ తీసుకుపోయాను. "చెవిటివాని ముందర శంఖం ఊదినట్టని ఇన్నాం గానీ, చెవిటామెతోని స్పీకర్ కొనిపిచ్చుడు నిన్నే చూసిన" అని స్వప్న బస్సెక్కించే దాకా నవ్వుతూనే ఉంది.

షాపాయన ఎవరికి సార్ అని అడిగాడు. మా నాయనమ్మకు అన్నాను. "అమ్మకు కొంచెం వినబడతదా?" అన్నాడు. అసలు వినబడదని చెప్పాను. ఆయన ఒక్కో స్పీకర్‌కూ నా గిటార్ తగిలించి ఇచ్చాడు. నేను వాయిస్తుంటే నాయనమ్మ డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూసింది. నేను వీడియోల్లో చూసి మనసు పడ్డ బుల్లి స్పీకర్ మీద చెయ్యి పెట్టి, "ఈగ కొట్టుకున్నట్టున్నదిరా" అని తీసేసింది. ఖరీదైన పెద్దదాన్ని ముట్టుకుని, "లొల్లి జాస్తి, పానం లేదు" అంది. మూలన ఎవరో వాడి అమ్మేసిన పాతది ఉంది. మందపాటి చెక్క డబ్బా, లోపల మధ్యరకం స్పీకర్ ఒకటే, ముందు జాలీ ఒక మూల చిరిగి ఉంది. దాని మీద పెట్టిన చెయ్యి ఆమె తీయలేదు. కళ్లు మూసుకుంది. "ఇగో, గిది" అంది. మెదక్ వచ్చే దాకా బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది, నన్ను పట్టుకోనివ్వలేదు.

ఆ స్పీకర్ వచ్చాక నాకు కంటి నిండా నిద్ర పట్టింది. పెడల్‌లో సన్నటి మోతలన్నీ కోసేసి, దెబ్బ మెత్తగా లావుగా పడేలా పెట్టుకున్నాను. చిన్నగా పెట్టినా గచ్చు అదురుతుంది, ఆ అదురు ఆమెకు తెలుస్తుంది. ఇందులో వింత ఏముంది? కింద ఓనర్ గారు కూడా ఏమీ అనలేదు. నాయనమ్మకు ఒళ్లు వచ్చింది, నోరూ వచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైందని స్వప్నను, జుట్టు పెంచానని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే ఇల్లు మళ్లీ ఇల్లులా అనిపించింది.

అప్పుడు అత్త ఫోన్ చేసి, "మా అమ్మను నాకూ జర చూసుకోనియ్యిరా" అంది. న్యాయమే కదా. చేగుంటకు తీసుకుపోయి దిగబెట్టాను. అక్కడ మళ్లీ అన్నం మానేస్తుందేమోనని గుండె పీకుతూనే ఉంది. ఆదివారం స్పీకర్ కూడా తెచ్చి పెడతానని అత్తకు చెప్పాను, అత్త కొడుకు ఫోన్‌లోని పాటలు దానికి పెట్టవచ్చని నా ఆలోచన. బయలుదేరుతుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "యాల్లకు కొట్టురా బిడ్డా, మరువకు" అంది. పెద్దామె ఏదో అలవాటుగా అంటోందనుకుని సరేనని తలూపాను.

ఇక్కడ కింద ఓనర్ గారి బిడ్డకు పరీక్షలు దగ్గరపడ్డాయి. స్పీకర్ మీద తువ్వాలు కప్పేసి, మళ్లీ హెడ్‌ఫోన్స్‌తోనే వాయించుకున్నాను. శనివారం అత్తకు ఫోన్ చేసి నాయనమ్మ తింటోందా అని అడిగాను.

"మస్తు తింటుంది. నువ్వే ఊకె బుగులువడ్డవ్" అంది అత్త. "పొద్దూకంగనే ఆమే లేసి కంచాలు వెడ్తది. యాల్ల మాత్రం ఒక్క తీరుగ ఉండదురా. మొన్న జల్ది వెట్టింది, నిన్న మస్తు ఆలిస్యం చేసింది."

మొన్న నేను దుకాణం పెందలాడే కట్టేసి వచ్చి వాయించాను. నిన్న రామాయంపేటలో పని తెమలక ఆలస్యంగా వచ్చి వాయించాను. ఈ సంగతి అత్తకు చెప్పలేదు. స్పీకర్ కూడా తీసుకుపోలేదు.

తర్వాతి వారం నాకు జ్వరం వచ్చింది. సాయంత్రం దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకున్నాను. గిటార్ గోడకు ఆనించి ఉంది. అత్త దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"నీ పానం మంచిగున్నదారా శీనూ?"

జ్వరమని నేను ఎవరికీ చెప్పలేదు. స్వప్న వైపు చూశాను. తనూ చెప్పలేదని తల అడ్డంగా ఊపింది. ఎందుకడుగుతున్నావత్తా అన్నాను.

"అమ్మ కంచం ముడ్తలేదు. పోరడు ఇయ్యాల కొడ్తలేడు, పానం బాగలేదేమో అడుగు అని ఒక్కటే గోల జేస్తుంది. ఏం కొట్టుడో ఏమో నాకైతే సమజ్ గాలె."

ఏమీ లేదత్తా, బాగానే ఉన్నానని ఫోన్ పెట్టేశాను. స్వప్న గిటార్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. హెడ్‌ఫోన్స్ కూడా తనే చెవులకు తగిలించింది. జ్వరంతో వేళ్లు సరిగా ఆడటం లేదు. తాత వాకిట్లో కొట్టేవాడే, ఆ ఒక్క దెబ్బే, మెల్లగా, మళ్లీ మళ్లీ వాయించాను. ఎన్నడూ లేనిది ఆ రోజు నా తాళం ఎక్కడా తప్పలేదు. నా కంటే పిసరు ముందు ఎవరో కొడుతుంటే నేను వెంట పోతున్నట్టే ఉంది.

కాసేపటికి అత్త మళ్లీ ఫోన్ చేసింది. "ఏం లేదురా. గిప్పుడే లేసి రెండు కంచాలు వెట్టింది. తింటుంది. నువ్వు పండుకో ఇగ" అంది. ఫోన్ పెట్టేశాక నేను దుప్పటిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇది జరిగి కొన్ని నెలలైంది. నాకు తెలిసిన విద్య అంతా పెట్టి ఆలోచించాను. మెదక్‌కూ చేగుంటకూ మధ్య అన్ని ఊళ్లు, అన్ని పొలాలు ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ దాటి బయటకు రాని మోత అక్కడికి ఎట్లా పోతుందో, ఆ రెండో కంచం ముందు ఎవరున్నారో నాకు తెలియదు. ఎవరైనా వివరం చెబితే వింటాను. తుడవడానికి సాలెగూడు మాత్రం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇది రాస్తూ రాస్తూ చూసుకోలేదు, బయట పొద్దు వాలింది. చేగుంటలో అన్నం వేళయింది. లేచి వాయించాలి.